శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దగ్గర పంచర్ షాపు: టైర్ లోపల గుడ్డ తిప్పి చూసే పెద్దాయన

హైదరాబాద్ నుంచి శ్రీశైలం బైక్ మీద వెళ్ళేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. హాజీపూర్ చౌరస్తా దాటి మన్ననూరు వైపు పోతుంటే ఫారెస్ట్ చెక్‌పోస్ట్ రాకముందే ఎడమ చేతి పక్క ఒక చిన్న పంచర్ షాపు ఉంటుంది. బోర్డు గీర్డు ఏం లేదు, వేప చెట్టుకి ఒక పాత లారీ టైర్ వేలాడదీసి దాని మీద తెల్ల పెయింట్‌తో పంచర్ అని రాశారు, అదే గుర్తు. రేకుల కప్పు, ఒక కంప్రెసర్, ఒక నీళ్ళ తొట్టి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, అంతే షాపు. నడిపేది అరవై దాటిన ఒక పెద్దాయన, సాయంగా కొడుకు. పంచర్ పనిలో ఇంత ఓపిక, ఇంత పద్ధతి ఉన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు, అందుకే ఇంత పొడుగు రివ్యూ.

ముందు ఆ చోటు ఎందుకు ముఖ్యమో చెప్తా. మన్ననూరు దాటగానే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మొదలైపోతుంది, అక్కడి నుంచి దోమలపెంట దాకా అడవే అడవి, మధ్యలో వటవర్లపల్లి లాంటి ఒకటి రెండు ఊళ్ళు తప్ప ఏం ఉండదు, ఫోన్ సిగ్నల్ కూడా ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేసేస్తారు. కాబట్టి సాయంత్రం పూట లోపల టైర్ పోయిందంటే ఎవరో ఒక డీసీఎం వ్యాన్ వాడు దయతలచి బండి ఎక్కించుకోవాలి, అంతకు మించి దారి లేదు. టైర్ మీద ఏ మాత్రం డౌట్ ఉన్నా గేటు ఇవతలే తేల్చుకోవాలి.

నాది పాత మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, అందరూ బుల్లెట్ అనే బండే, పుల్లల (స్పోక్) చక్రాలు, లోపల ట్యూబ్. ట్యూబ్‌లెస్ వాళ్ళకి ఈ బాధ తెలియదు, వాళ్ళకి మేకు దిగినా ఆ మేకే బిరడాలాగా కన్నాన్ని మూసి ఉంచుతుంది, గాలి నిమ్మళంగా దిగుతుంది, మనకి టైమ్ దొరుకుతుంది. ట్యూబ్ బండికి అట్లా కాదు, ట్యూబ్‌కి కన్నం పడితే గాలి టైర్ లోపలికి వచ్చి వాల్వ్ పక్క నుంచి, పుల్లల సందుల్లోంచి బయటికి పోతుంది, చాలాసార్లు రెండు నిమిషాల్లో ఖాళీ. అయితే నా కేసు అది కూడా కాదు, ఇంకా చిరాకైనది. వెనక చక్రం గాలి కొన్నాళ్ళుగా తగ్గుతూ వస్తోంది. మా ఏరియాలో ఒక షాపులో వేయించా, నాలుగు రోజులు బాగానే ఉంది, మళ్ళీ దిగింది. మళ్ళీ అక్కడికే తీసుకెళ్తే ‘సార్ ఇది కొత్త పంచర్, వేరే చోట పడింది’ అని ఇంకో ప్యాచ్ వేసి ఇంకో నూటయాభై తీసుకున్నాడు. నిజమే, వేరే చోటే పడింది, ట్యూబ్ నీళ్ళలో ముంచి బుడగలు చూపించాడు కూడా. కానీ ఎందుకు పడుతోంది అని ఒక్కసారి కూడా టైర్ లోపల చూడలేదు. పంచర్‌కి ఇంత అని లెక్క కట్టే చోట ఎన్ని పంచర్లు పడితే అంత మంచిది కదా వాళ్ళకి, అక్కడే నాకు మండింది.

ఈసారి నేనూ మా బామ్మర్దీ రెండు బండ్ల మీద బయల్దేరాం, కల్వకుర్తి దాటాక వెనక చక్రం కొంచెం పక్కకి జారుతున్నట్టు అనిపించింది, టైర్ నొక్కి చూస్తే మెత్తగా ఉంది. డిండి దగ్గర గాలి కొట్టించుకుని మెల్లగా ఈ షాపు దాకా వచ్చాం. నేను బండి దిగుతూనే ‘కాకా, ట్యూబ్ నా దగ్గర కొత్తది ఉంది, మార్చెయ్యి’ అన్నా, స్పేర్ ట్యూబ్ ఎప్పుడూ బ్యాగులో పెట్టుకునే తిరుగుతా. ఆయన ట్యూబ్ వైపు చూడను కూడా చూడలేదు. ‘కొత్తది ఏస్తే కొత్తది పోతది బిడ్డా, ముంగట లోపల ఏముందో సూద్దాం’ అన్నాడు. ఆ ఒక్క మాటకే నాకు ప్రాణం లేచొచ్చింది, ఇన్నాళ్ళూ నేను వినాలనుకున్న మాట అదే.

ఇక ఆయన పని చేసిన తీరు కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే మీ ఊళ్ళో పంచర్ వేయించుకునేటప్పుడు కూడా పనికొస్తుంది.

బండి డబుల్ స్టాండ్ వేయించాడు. టైర్ విప్పకముందే సుద్దముక్క తీసుకుని, రిమ్ముకి వాల్వ్ ఉన్న చోటుకి సరిగ్గా ఎదురుగా టైర్ మీద ఒక గీత గీశాడు. ఇదెందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. వీల్ ఊడదీయలేదు, గాలి మొత్తం తీసేసి, టైర్ అంచుని కాలితో నొక్కి రిమ్ము నుంచి వదిలించి, రెండు రాడ్లతో ఒక పక్క మాత్రమే పైకి లేపి ట్యూబ్ బయటికి లాగాడు. రాడ్డు లోపలికి ఎక్కువ దూర్చకుండా కొన మాత్రమే పెట్టి లేపుతున్నాడు, ఎక్కువ దూరిస్తే రిమ్ముకీ రాడ్డుకీ మధ్య ట్యూబ్ నలిగి ఇంకో కన్నం పడుతుంది. తొందరలో ఉన్న షాపుల్లో ఇదే జరుగుతుంది, ఒక పంచర్‌కి వెళ్తే రెండు పంచర్లు అయి వస్తాయి.

ట్యూబ్‌లో గాలి కొట్టి తొట్టిలో ముంచాడు, పాత ప్యాచ్‌ల పక్కనే ఇంకో చోట సన్నగా బుడగలు. అక్కడ బాల్ పెన్నుతో సున్నా చుట్టి నాకు చూపించి చెప్పాడు, కన్నం ట్యూబ్‌కి ఏ వైపు పడిందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుందట. నేల వైపు ఉంటే రోడ్డు మీద గుచ్చుకున్నది. లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే పుల్ల కొన పొడుచుకొచ్చిందనో, పుల్లల కొనల మీద కప్పే రిమ్ టేప్ చిరిగిందనో లెక్క. పక్కపక్కనే రెండు చీలికలు ఉంటే గాలి తక్కువగా ఉన్నప్పుడు గుంతలో పడి ట్యూబ్ రిమ్ముకి నలిగింది. వాల్వ్ మొదట్లో చిరిగితే ప్యాచ్ నిలవదు, ట్యూబ్ మార్చాల్సిందే. నాది నేల వైపు, పాత ప్యాచ్‌లు కూడా అన్నీ నేల వైపే, అదీ అన్నీ ఒకే జానెడు మేరలో. ఇన్ని ప్యాచ్‌లు వేసిన మనిషికి ఇది కనపడలేదా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు సుద్దగీత సంగతి తెలిసింది. ట్యూబ్ వాల్వ్‌ని ఆ గీతకి ఎదురుగా పట్టుకుని, వాల్వ్ నుంచి కన్నం ఎంత దూరంలో ఉందో టైర్ మీద అంత దూరం కొలిచి, ‘గిక్కడ్నే ఉంటది’ అని వేలు పెట్టాడు. బయట నుంచి చూస్తే ఏం లేదు, టైర్ గట్లు నీట్‌గా ఉన్నాయి. లోపల చెయ్యి పెడతాడనుకున్నా, పెట్టలేదు, ముందు ఒక పాత లుంగీ ముక్క తీసుకుని టైర్ లోపల మెల్లగా తిప్పాడు. ఒకచోట గుడ్డ దారం చిక్కుకుని ఆగిపోయింది. అక్కడ టైర్‌ని రెండు చేతులతో వెడల్పుగా వంచితే, లోపల సూది మొనంత తళుక్కుమని ఒక తీగ ముక్క. ముక్కుపట్టకారుతో పట్టుకుని లాగితే వచ్చింది, బియ్యపు గింజ కంటే కొంచెం పొడుగు, వెంట్రుక కంటే కొంచెం లావు. వట్టి చేత్తో తడిమి ఉంటే వేలికి దిగేది.

అది లారీ టైర్ తీగ. రేడియల్ టైర్ల లోపల సన్న ఉక్కు తీగల అల్లిక ఉంటుంది, లారీ టైర్ పేలినా అరిగి చీలినా ఆ రబ్బరు ముక్కలతో పాటు ఈ తీగలు కూడా రోడ్డు మీద పడిపోతాయి, హైవే అంచున నల్లగా పడి ఉండే టైర్ పేలికలు అందరూ చూసే ఉంటారు. మేకు అయితే తల బయట కనపడుతుంది. ఈ తీగ బైక్ టైర్‌లోకి దిగాక బయట కొసంతా అరిగిపోయి రబ్బరులో కలిసిపోతుంది, లోపలి కొస మాత్రం అట్లాగే ఉంటుంది. మనిషి బరువు పడి టైర్ వంగిన ప్రతిసారీ ట్యూబ్‌ని గీకుతూ ఉంటుంది, ట్యూబ్ తీసి మళ్ళీ వేసినప్పుడల్లా కాస్త అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి కొత్త కన్నం కొత్త చోట పడుతుంది. కొత్త ట్యూబ్ వేసుకుని అడవిలోకి వెళ్ళి ఉంటే ఆ ట్యూబ్ కూడా పోయేది. ఇట్లాంటివి హైవే మీద ఎక్కువని, తమ ఊరి వైపు అయితే ముళ్ళు ఎక్కువని చెప్పాడు, సర్కారు తుమ్మ ముల్లు కూడా ఇంతే, విరిగి కొన లోపల ఉండిపోతుంది.

ఒకటి దొరికింది కదా అని ఆపలేదు, గుడ్డతో టైర్ మొత్తం చుట్టూ తిప్పాడు, తర్వాత రిమ్ టేప్ పక్కకి జరిపి పుల్లల కొనలు కూడా ఒక్కొక్కటీ వేలితో చూశాడు. ఒక పుల్ల కొన కాస్త పైకి ఉంటే ఆకురాయితో రాశాడు. దానికి డబ్బులు అడగలేదు, నేను అడగమనలేదు, పని అంటే అదే అన్నట్టు చేసుకుపోయాడు.

ప్యాచ్ వేయడం కూడా చూడాల్సిందే. కన్నం చుట్టూ ట్యూబ్‌ని గరుకు రేకుతో రుద్ది, నునుపు మొత్తం పోయి మసకగా అయ్యేదాకా వదలలేదు. సొల్యూషన్, అంటే ప్యాచ్ అంటించే జిగురు, పలచగా పూసి, అట్లాగే పెట్టి మా బామ్మర్దితో ముచ్చట పెట్టుకున్నాడు. మామూలుగా షాపుల్లో సొల్యూషన్ తడిగా ఉండగానే ప్యాచ్ అంటించేస్తారు, అది తప్పు, సొల్యూషన్ ఆరి వేలు పెడితే చేతికి అంటకుండా జిగురుగా మాత్రమే తగలాలి, అప్పుడే ప్యాచూ ట్యూబూ కలిసి ఒకటవుతాయి. తడి మీద అంటిస్తే మధ్యలో తేమ ఉండిపోయి ఎండలో టైర్ వేడెక్కినప్పుడు ప్యాచ్ అంచు లేస్తుంది. ఎండాకాలం మన రోడ్ల మీద లేచిపోయే ప్యాచ్‌లలో చాలా భాగం ఇవే. ప్యాచ్ పెట్టాక మధ్య నుంచి అంచులకి గట్టిగా రోలర్ దొర్లించాడు. పాత ప్యాచ్‌లలో ఒకటి అంచు లేచి ఉంటే అది కూడా పీకి మళ్ళీ వేశాడు.

మూలన ఇనప బిగింపు మెషిన్ ఒకటి ఉంది, పైన చిన్న గిన్నె ఉన్నది. పచ్చి రబ్బరు ముక్క పెట్టి, బిగించి, ఆ గిన్నెలో కాస్త పెట్రోల్ పోసి అంటిస్తే ఆ వేడికి రబ్బరు ఉడికి ట్యూబ్‌లో కలిసిపోతుంది, నా చిన్నప్పుడు మా ఊళ్ళో అన్నీ ఇట్లాగే వేసేవాళ్ళు, ఆ కాలిన రబ్బరు వాసన ఇప్పటికీ గుర్తు. ఇప్పుడు బైకులకి దాని అవసరం లేదని, ట్రాక్టర్ ట్యూబులకి మాత్రం వాడతానని అన్నాడు.

తిరిగి ఎక్కించేటప్పుడు ట్యూబ్‌లో కొంచెం గాలి కొట్టాడు, గుండ్రంగా నిలబడితే మడత పడదు, నలగదు. టైర్ అంచుకి సబ్బు నీళ్ళు పూసి, వాల్వ్‌కి ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించాడు, ఆఖర్న వాల్వ్‌ని ఒకసారి లోపలికి నొక్కి వదిలాడు, కింద ట్యూబ్ ఇరుక్కుని ఉంటే బయటికి వచ్చేస్తుంది. వాల్వ్ నట్టు రిమ్ముకి ఆనించి బిగించలేదు, వదులుగా పైకి, క్యాప్ దగ్గర బిగించాడు. అట్లా ఉంటే టైర్ రిమ్ము మీద జారినప్పుడు వాల్వ్ పక్కకి ఒరిగి కనపడుతుంది, మనం ముందే జాగ్రత్త పడొచ్చు, బిగించేస్తే ఒరగడం కనపడదు, నేరుగా వాల్వ్ మొదలు చిరుగుతుంది. బుల్లెట్ నడిపేవాళ్ళు దయచేసి ఇంటికెళ్ళి ఈ నట్టు ఒకసారి చూసుకోండి.

గాలి కూడా అందరిలాగా అన్ని బండ్లకీ 40 కొట్టి పంపేయడు. ఆయన గేజ్ మీద గాలి ఒత్తిడికి రెండు వరసల అంకెలు, కేజీలు, పీఎస్ఐ. ఒక కేజీ అంటే 14 పీఎస్ఐ పైచిలుకు, 2 కేజీలంటే 28. వెనక ఎవరైనా కూర్చుంటారా, లగేజీ ఎంత అని అడిగి, బండి మీద స్టిక్కర్ చూసి కొట్టాడు. ఎక్కించాక వాల్వ్ లోపలి పిన్ మీద ఉమ్మి తడి పెట్టి బుడగ వస్తుందా అని చూశాడు, పిన్ లీకులు కూడా చాలామంది పంచర్ అనుకుని డబ్బులు పోసుకుంటారు.

మొత్తం ముప్పావు గంట పైనే పట్టింది. తీసుకున్నది 200. ఒక కొత్త ప్యాచ్, ఒక పాత ప్యాచ్ తిరగవేయడం, పుల్ల కొన రాయడం అన్నీ కలిపి. పైన ఇంకో వంద ఇవ్వబోతే తీసుకోలేదు, కొడుకు మాత్రం చాయ్ తెప్పించాడు.

మా బామ్మర్ది బండి పల్సర్, ట్యూబ్‌లెస్, ఎట్లాగూ ఆగాం కదా అని టైర్లు తిప్పి చూసుకుంటే వాడికి వెనక టైర్‌లో చిన్న మేకు తల కనపడింది. వాడు పీకబోతే పెద్దాయన ‘ముట్టకు, అది ఉన్నంతసేపే గాలి ఉంటది’ అని ఆపాడు. సబ్బు నీళ్ళు వేసి చూస్తే లీక్ ఉంది. మేకు ఏ వాలులో దిగిందో చూసుకుని పీకి, అదే వాలులో గరుకు కడ్డీ గుచ్చి తిప్పి కన్నం లోపల శుభ్రం చేసి, సూదికి స్ట్రిప్, అంటే కన్నంలో కూరే రబ్బరు పట్టీ, ఎక్కించి, సొల్యూషన్ రాసి లోపలికి తోసి ఒక్క లాగుడుతో సూది బయటికి తీశాడు, పైన మిగిలిన కొసలు టైర్‌కి కాస్త పైకి ఉండేలా కోశాడు. ఐదు నిమిషాల పని, 100 రూపాయలు. కానీ ఇది ఇంటికి చేరేదాకా అనుకోమన్నాడు, మిషన్ ఉన్న షాపులో టైర్ విప్పించి లోపల నుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే మష్రూమ్ ప్యాచ్ వేయించుకుంటే గట్టిగా ఉంటుందని, తన దగ్గర ఆ మిషన్ లేదని ఉన్నదున్నట్టు చెప్పాడు. మేము ఉండగానే ఇంకొకాయన స్కూటీ టైర్ పక్క గోడకి కన్నం పడిందని వస్తే స్ట్రిప్ వేయనని ఖచ్చితంగా చెప్పేశాడు. పక్క గోడ పలచన, బండి నడిచేటప్పుడు అది వంగుతూనే ఉంటుంది, స్ట్రిప్ నిలవదు, ఊడితే ఒక్కసారిగా గాలి పోతుంది. వందరూపాయలు వచ్చే పని వద్దనుకుని, గాలి కొట్టి నెమ్మదిగా అచ్చంపేట వెళ్ళి టైర్ మార్చుకోమన్నాడు. ఘాట్ మలుపుల్లో టైర్ పోతే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు మరి.

సీలెంట్ గురించి కూడా అడిగా, టైర్‌లో పోసే ఆ పచ్చ ద్రవం. చిన్న ముళ్ళకి పనిచేస్తుంది కానీ పోసిన టైర్‌కి తర్వాత పంచర్ వేయాలంటే అదంతా కడిగి ఆరబెట్టాలి, లేకపోతే ప్యాచ్ అంటదు, అందుకే ఎక్కువమంది పంచర్ వాళ్ళకి అదంటే పడదు. ఆయన కూడా ముఖం అట్లాగే పెట్టాడు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆదివారం, పండగ రోజుల్లో ఆగాల్సి వస్తుంది, ఆయన ఎవరి కోసమూ తొందరపడడు, ముందున్న బండి అయ్యాకే మీది. హడావిడిలో ఉన్నవాళ్ళకి ఈ షాపు నచ్చదు. మధ్యాహ్నం అన్నానికి వెళ్ళినప్పుడు కొడుకు ఉంటాడు, అతను కూడా బాగానే చేస్తాడు కానీ గుడ్డ తిప్పి చూడమని మనమే చెప్పాలి. నీడ తక్కువ, కూర్చోడానికి ఆ రెండు కుర్చీలే. ఫోన్‌పే స్కానర్ ఉంది గానీ సిగ్నల్ సరిగ్గా ఉండదు, చేతిలో క్యాష్ ఉంచుకోండి. ట్యూబులు స్ప్లెండర్ లాంటి వాటికి సరిపోయే 2.75-18, 3.00-18 సైజులు, కొన్ని స్కూటర్‌వి మాత్రమే పెడతాడు, బుల్లెట్ వెనక చక్రానికి సరిపోయే ట్యూబ్ ఆయన దగ్గర దొరకదు, ఇంటి నుంచే ఒకటి పెట్టుకుని బయల్దేరండి, ముందు చక్రానికి వేరే సైజు కాబట్టి అది కూడా చూసుకుని కొనండి.